వణికే జీపుతో గోదావరిఖని

గోదావరిఖనికి ఎవరూ షికారుకు వెళ్ళరు. అక్కడ ఉద్యోగం ఉన్నవాళ్ళు వెళతారు, ఉద్యోగస్తుడైన అల్లుడున్నవాళ్ళు వెళతారు. నాకు బావ ఉన్నాడు. పేరు సమేలు, బొగ్గుబావిలో సర్దారు. సర్దారనగానే తలపాగా ఊహించుకోకండి. భూమి అడుగున తన కింద పనిచేసే వాళ్ళ ప్రాణాలకు పూచీపడే మనిషిని అక్కడ అలా పిలుస్తారు. ముప్పై నాలుగేళ్ళు ఆ పూచీ మోసి, మొన్న నెలాఖరున రిటైరయ్యాడు. ఆ సందర్భంగా నేను అక్కడ తిన్నవీ, చూసినవీ, పడ్డ చీవాట్లూ రాస్తున్నాను. అటు వెళ్ళనివాళ్ళకు పనికొస్తుంది. జీపు ఎత్తు పెంచుదామని ఉబలాటపడేవాళ్ళకు ఇంకా బాగా పనికొస్తుంది.

తెనాలి

నాది తెనాలిలో కళ్ళజోళ్ళ దుకాణం. నలభై దాటితే మగవాడికి చత్వారం వస్తుందని అందరికీ తెలుసు. యాభై దాటితే జీపు పిచ్చి వస్తుందని నా విషయంలో తేలింది. ఒక పాత జీపు కొన్నాను. కొన్నవాణ్ణి కొన్నట్టు ఊరుకోకుండా బెజవాడలో ఒక షెడ్డుకు తీసుకెళ్ళి నాలుగంగుళాలు ఎత్తు పెంచమన్నాను. ఆ షెడ్డు పెద్దమనిషి కమాను పట్టీలు మార్చాడు, వాటిని బండికి తగిలించే లంకెలు పొడవువి వేశాడు, ట్రాక్టరువా అని జనం అడిగేంత టైర్లు బిగించాడు. "ఇక కొండలెక్కేయండి సార్" అన్నాడు.

తెనాలిలో కొండలెక్కడున్నాయి? ఫ్లైఓవరు ఎక్కాను. అరవై దగ్గర స్టీరింగు ఎడాపెడా ఊగింది. డెబ్బై దగ్గర సీటు కింద ఎవరో మినప్పప్పు రుబ్బుతున్నట్టు వణుకు పుట్టింది. గుంటలో పడితే చాలు, నన్నడక్కుండానే కుడిపక్కకు పోయేది. తిన్నగా పోవాలంటే స్టీరింగు చక్రాన్ని వంకరగా పట్టుకోవాలి. "కొత్తలో అలాగే ఉంటుంది సార్, అలవాటైపోద్ది" అన్నాడు షెడ్డు పెద్దమనిషి. అలవాటు కావలసింది బండికో నాకో ఆయన చెప్పలేదు.

సరిగ్గా ఆ వారమే రూతక్క ఫోన్ చేసింది. మా అక్క రూతు పెళ్ళికి ముందు టీచరు ఉద్యోగానికని గోదావరిఖని వెళ్ళి, అక్కడే సమేలు బావను చేసుకుని, మా తెనాలి మాటను తెనాలిలోనే వదిలేసింది. "తమ్మీ, నెలాఖరుకు మీ బావ రిటైరయితుండు. కిరాయి జీపు మాట్లాడినం. నువ్వు రావాలె" అంది.

జీపెందుకంటే, బొగ్గుబావుల దగ్గర ఒక ఆచారం ఉంది. ఆఖరి షిఫ్టు చేసి పైకొచ్చిన మనిషికి దండలు వేసి, టాపు లేని జీపులో నిలబెట్టి, డప్పులు కొట్టుకుంటూ ఇంటిదాకా తీసుకొస్తారు. మా వైపు గుమాస్తా రిటైరైతే ఒక శాలువా, ఒక జ్ఞాపిక. ఆ జ్ఞాపికను కాళ్ళ మధ్య పెట్టుకుని తన స్కూటరు తనే తోలుకుంటూ పోతాడు. వాళ్ళ ఆచారమే నాకు నచ్చింది. నచ్చిన ఊపులో నోరు జారాను. "నా జీపుండగా మీకు కిరాయి జీపేంటక్కా, సిగ్గులేకుండా!" అన్నాను.

అక్క నిజమే అనుకుని కిరాయి జీపు వద్దని చెప్పేసింది. రిటైర్మెంట్లన్నీ నెలాఖరు రోజే కాబట్టి ఆ జీపు గంటలో ఇంకొకరికి కుదిరిపోయింది. ఊళ్ళో మిగతావీ అంతే. ఇక బావ ఇంటికి రావాలంటే నా వణుకుడు బండే గతి. నాలుగు రోజుల ముందే బయల్దేరాను.

ఖమ్మం దాటాక

ఖమ్మం దాటిన కాసేపటికి ఒక గుంట తగిలింది. స్టీరింగు చేతుల్లోంచి లాక్కుని తాండవం మొదలుపెట్టింది. అటూ ఇటూ చూడకుండా బ్రేకు తొక్కి పక్కకు ఆపేసరికి ఎదురుగా ఒక పంక్చరు దుకాణం ఉంది. దేవుడున్నాడని నాకు అప్పుడప్పుడూ నమ్మకం కలుగుతూ ఉంటుంది.

దుకాణం నడిపేది ఒక ఆడమనిషి. చీర కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని లారీ చక్రం విప్పుతోంది. నా టైర్లలో గాలి ఎంతుందో చూసి, నన్ను చూసి, మళ్ళీ గాలి చూసింది.

"ఎవరయ్యా గింత గాలి కొట్టింది? ఇది జీపా, బెలూనా?"

"పెద్ద టైర్లు కదమ్మా, ఎక్కువ గాలి కావాలేమోనని నేనే..."

"పెద్ద కడుపున్నోడు పెద్ద బువ్వ తిని సస్తడా?" అంటూ నాలుగు టైర్లలోనూ గాలి తీసింది. ముందు చక్రాల అంచుకు సీసం ముక్కలు తగిలించి బరువు సరిచేసింది. డబ్బులిస్తుంటే ఒక మాట ఉచితంగా ఇచ్చింది. "సేతులల్ల వణికితే సక్రం కాడ సూడు. కూసున్నకాడ వణికితే కింద షాఫ్టు కాడ సూడు. రెండుకాడ్ల వణికితే బండి అమ్ముకో."

నాకు రెండుకాడ్లా వణుకుతోంది. కానీ అమ్ముకుంటే నాలుగు రోజుల్లో బావకు ఇంకో జీపు ఎక్కడ తేను? చేతుల్లో వణుకు సగం తగ్గిందన్న సంతోషంతో ఆమె పొయ్యి మీద కాల్చిన మక్కకంకి తిన్నాను. మేం మొక్కజొన్న పొత్తు అని పేరు పెద్దగా పెట్టుకుంటాం గానీ కాల్చడం వాళ్ళకే వచ్చు. ఇరవై రూపాయలు, పైన నిమ్మచెక్కతో ఉప్పూకారం.

పెద్దపల్లి

పెద్దపల్లిలో టీ కోసం ఆగాను. టీ పది రూపాయలు, సలహా ఉచితం. నేను గ్లాసు అందుకునేలోపు జీపు చుట్టూ ఐదుగురు చేరారు. ఒకాయన పడుకుని చూశాడు, ఒకాయన ఊపి చూశాడు, ఒకాయన ఏమీ చూడకుండానే "ఇంజన్ పోయింది" అని తేల్చాడు. పక్కనే స్పేర్ పార్టుల దుకాణం వాడు స్టీరింగుకు వేసే డాంపరు తెచ్చి చేతిలో పెట్టాడు. "ఇది ఎయ్యిండ్రి సార్, ఊగుడు దెబ్బకు బంద్" అన్నాడు.

నేను జేబులో చెయ్యి పెట్టాను. బెంచీ మీద కూర్చున్న బొగ్గు టిప్పర్ డ్రైవరు తల ఎత్తకుండానే అన్నాడు: "జ్వరమొస్తే దుప్పటి కప్పుకున్నట్టు. వణుకుడు కనవడదు, జ్వరం మాత్రం ఉంటది."

దుకాణం వాడు డ్రైవరు వైపు చూసిన చూపుకి టీ విరిగిపోవాలి. నేను చెయ్యి బయటకు తీశాను. గంటకు నలభై దాటకుండా, వెనక నుంచి వచ్చే ప్రతి బస్సు చేతా హారన్ కొట్టించుకుంటూ గోదావరిఖని చేరాను. దారిలో వెనక నంబరు ప్లేటు ఊడిపోయింది. షేర్ ఆటో అతను దాన్ని వెంటతెచ్చి, ప్రయాణికులందరూ చూస్తుండగా "అన్నా, నీ పేరు పడిపోయింది" అని అందించాడు.

గోదావరిఖని

బొగ్గుబావి క్వార్టర్లు వరసగా ఉంటాయి. ఆ వరసను లైను అంటారు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో జీపు మా అక్క లైను మలుపు తిరిగింది. తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ప్రతి గుమ్మంలోనూ ఒక ఆడమనిషి వచ్చి నిలబడింది. ఎవరూ మాట్లాడలేదు. నా ఎత్తైన జీపును చూసి అబ్బురపడుతున్నారనుకుని నేను చెయ్యి ఊపాను. ఎవరూ తిరిగి ఊపలేదు. అక్క ఇంటి ముందు ఆపేసరికి అక్క గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

"సచ్చినోడా, ఫోన్ జేసి రావద్దా!" అంది. ఇదీ స్వాగతం.

అన్నం వడ్డిస్తూ చెప్పింది. పచ్చిపులుసు, వేయించిన ఎండుమిరపకాయలు. మేం పులుసంటే మరిగిస్తాం; వీళ్ళు చింతపండు పిసికి, ఉల్లిపాయ వేసి, పొయ్యి ముట్టించకుండానే పని కానిస్తారు. నేను మూడోసారి పోయించుకుంటుండగా అక్క మాట అందుకుంది.

"ఫోన్లు లేని దినాల బాయిల ఏమన్న అయితే కంపెనీ జీపు వస్తుండె తమ్మీ. జీపు గా మూల మీద తిరిగిందంటే అందరం తలుపుల కాడికి వస్తుంటిమి. ఎవరింటి ముంగట ఆగుతదో అని. ఇప్పుడు గట్ల రాదు, ఫోనే వస్తది. అయినా కాళ్ళు ఊకోవు."

"మరి ఎవరింటి ముందైనా ఆగిందా?"

అక్క ఎదుటి గుమ్మం వైపు చూసింది. అక్కడ తెల్లజుట్టు ఆవిడ చాటలో బియ్యం ఏరుతోంది. "రాజవ్వ ఇంటి ముంగట ఆగింది. మా రెండిండ్ల నడుమ స్లో అయింది జీపు. నా పానం పోయింది. అటు మళ్ళింది. నేనేం జేసిన్నో ఎరుకేనా? సంబురపడ్డ. మా ఇంటికి గాదు అని లోపల లోపల సంబురపడ్డ. గా సంబురం యాదికొస్తే ఇప్పటికీ ముద్ద దిగదు తమ్మీ."

రాజవ్వ భర్త పోయాక ఆయన ఉద్యోగం కొడుక్కిచ్చారు. అందుకే ఆవిడ ఇప్పటికీ అదే ఇంట్లో ఉంటోంది. రోజూ పొద్దున్న మా అక్కకు కరివేపాకు ఇస్తుంది.

"గీ లైన్ల రిటైరయ్యేటోళ్ళల్ల మీ బావే మొదలు" అంది అక్క. "ఒక్కపారన్న గీ లైనుకు జీపు మంచి కబురుతోటి రావాలె. మీ బావ దండలేసుకొని దాంట్ల నిలవడి రావాలె. నాకు ఇంకేం వద్దు."

అంతవరకూ నాకు అది జీపు రిపేరు. అప్పట్నుంచి కాదు. చెయ్యి కడుక్కుంటూనే ఊళ్ళో మంచి మెకానిక్కు ఎవరని అక్కను అడిగాను.

మొదటి షిఫ్టు దిగి బావ వచ్చాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. నా భుజం తట్టి, కుశలం అడక్కుండానే జీపు చుట్టూ తిరిగాడు. కూరగాయల పాదుకు కట్టిన కర్ర ఒకటి పీకి, బోల్టు బోల్టు దగ్గరా కొట్టి చెవి పెట్టాడు. బావి లోపల ఆయన చేసే పనే అది. పైకప్పు బండను కర్రతో తట్టి వింటాడు. గట్టి బండ గణగణ మంటుంది, కూలే బండ డొల్లగా పలుకుతుంది. ఆయన డొల్ల అన్నాడంటే అక్కడున్న పనివాళ్ళు పనిముట్లు వదిలి బయటికి రావలసిందే.

తట్టడం అయ్యాక రెండు కర్రలు తెచ్చి, బానెట్ మీద ఒకదానికొకటి అడ్డంగా పెట్టి లోపలికి పోయాడు.

"అదేంటి బావా?"

"కూలేటట్టున్న కాడ గట్ల పెడ్తం. పెట్టినోడే తియ్యాలె. మేనేజరొచ్చినా దాటొద్దు."

"ఇది జీపు బావా, బావి కాదు!"

"ఏదైతేంది, మీద వడితే సచ్చుడే గద" అన్నాడు బావ టీ ఊదుకుంటూ.

ఆ రెండు పుల్లల మహిమ మరునాడు తెలిసింది. నా జీపు దారికి అడ్డంగా ఉన్నా పాలవాడు దాన్ని ముట్టకుండా చుట్టూ తిరిగిపోయాడు. ఆదివారం ప్రార్థనల గురించి చెప్పడానికొచ్చిన చర్చి సంఘ పెద్ద ఆ పుల్లల్ని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. కుక్క ఒక్కటే నా టైరు దగ్గర తన పని కానిచ్చుకుపోయింది. దానికి బావిలో ఉద్యోగం లేదు.

కనకయ్య షెడ్డు

కనకయ్య కంపెనీ వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరై, చౌరస్తా దగ్గర సొంత షెడ్డు పెట్టుకున్నాడు. పొద్దున్నే తీసుకొద్దామని ఇంటికి వెళితే వచ్చాడు గానీ, బానెట్ మీద పుల్లలు చూసి ఆగిపోయాడు.

"సర్దారు పెట్టిండా? అయితే సర్దారు రానియ్యి."

"మీరు ఫిట్టరండీ బాబూ! రిపేరు చెయ్యడానికి కూడా ముట్టుకోరా?"

"నువ్వు కండ్లద్దాలోనివి గద, నీకేం ఎరుక. కూసో, తంబాకు ఏస్తవా?"

మధ్యాహ్నం దాకా కూర్చున్నాను. మిగిలింది మూడు రోజులు, అందులో ఒక పూట రెండు పుల్లలు మింగేశాయి. కోపంతో కనకయ్య తంబాకు కూడా నమిలాను, లోకం గిర్రున తిరిగింది. బావ డ్యూటీ నుంచి వచ్చి, పుల్లలు తీసి కనకయ్య చేతిలో పెట్టి "ఇగ నీదే జిమ్మ" అని పూచీ అప్పగించాడు. అప్పుడు కనకయ్య బండి కింద దూరాడు.

అక్కణ్ణుంచి నేను నా ఖర్చుతో చదువుకున్న చదువు చెబుతాను, వినండి. సీటు కింది వణుకు గేరుబాక్సు నుంచి వెనక ఇరుసుకు పోయే షాఫ్టుది. దాని రెండు కొసలా రెండుగా చీలిన కీళ్ళుంటాయి. ఒక కొస చీలిక ఎటు చూస్తే రెండో కొస చీలిక కూడా అటే చూడాలి. బెజవాడ పెద్దమనిషి విప్పి బిగించినప్పుడు ఒకటి అటూ ఒకటి ఇటూ చూసేలా బిగించాడు. నాకు వెంటనే అర్థమైంది. కళ్ళజోడులో అద్దం తిప్పి బిగిస్తే పెట్టుకున్నవాడికి గోడలు ఒరుగుతాయి. అలాంటి పని నేనూ ఒకసారి చేసి ఒక తహసీల్దారు చేత తిట్లు తిన్నాను. పైగా బండి ఎత్తు పెరిగాక షాఫ్టు మరీ ఏటవాలుగా దిగుతోంది. గేరుబాక్సును మోసే దూలానికీ బండి చట్రానికీ మధ్య దిమ్మలు పెట్టి కనకయ్య దాన్ని అంగుళం దించాడు.

ఇక స్టీరింగు. "సైకిల్ ముంగటి కాళ్ళు జర ముందలికి వాలి ఉంటయి సూడు" అన్నాడు కనకయ్య, కింద నుంచే. "గందుకే చేతులిడిసినా తిన్నగ పోతది. నీ బండి లంకెలు పొడుగువెట్టి, గా వాలును ఖరాబు జేసిండు." ఇరుసుకూ కమాను పట్టీలకూ మధ్య చీలల్లా ఏటవాలు ఇనుప పలకలు దూర్చి వాలు తెప్పించాడు. గుంటలో పడ్డప్పుడు పక్కకు లాగడం స్టీరింగు కడ్డీ ఏటవాలైపోయినందువల్ల. దాన్ని పట్టే ఇనుప చెయ్యి కిందికి వంగినదైతే కడ్డీ మళ్ళీ నేలకు సమానంగా వస్తుంది. అది పాత ఇనుప సామాన్ల దుకాణంలో దొరికింది. కడ్డీ పొడవు సర్దగానే స్టీరింగు చక్రం కూడా తిన్నగా నిలబడింది. ఇదంతా రెండు రోజుల పని. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. నేను ఊడిన నాలుక అతికించుకోవడానికి నాలుగొందల కిలోమీటర్లు వచ్చాను.

రామగిరి దారి

నెలాఖరుకు ముందు రోజు సాయంత్రం కనకయ్యా నేనూ సెంటినరీ కాలనీ మీదుగా రామగిరి వైపు పరీక్షకు వెళ్ళాం. ఒకపక్క ఓపెన్‌కాస్టు గని తవ్విపోసిన మట్టిదిబ్బలు, ఇంకోపక్క పత్తి చేలు. ఆ దిబ్బలు ఎంత ఎత్తున్నాయంటే వాటి ముందు రామగిరి గుట్ట కూడా కొంచెం మొహమాటంగా నిలబడి ఉంది. అరవై పోయాను, ఏమీ కాలేదు. డెబ్బై, రుబ్బుడు లేదు. ఎనభై దగ్గర కనకయ్య "చేతులిడువు" అన్నాడు. వదిలాను. జీపు గీత గీసినట్టు పోయింది. నేను గట్టిగా అరిచాను. ఎదురొచ్చే టిప్పరు వాడు ఏమైందోనని బ్రేకు వేశాడు.

ఆ సంతోషంలో దారి పక్క ఒక అవ్వ దగ్గర సర్వపిండి తిన్నాం. బియ్యప్పిండిలో నువ్వులు, శనగపప్పు, ఉల్లాకు కలిపి, గిన్నె లోపలి గోడకే అద్ది కాలుస్తారు. మేం అట్టు పోసుకుని గొప్పలు పోతాం గానీ దీని కరకర ముందు మా అట్టు తడిగుడ్డ. అవ్వకు ఆ మాటే చెప్పాను. "ఆంధ్రోడు మెచ్చిండంటే ఉప్పు ఎక్కువైనట్టుంది" అంది అవ్వ.

బాయి గేటు

నెలాఖరు మధ్యాహ్నం బావి గేటు దగ్గర మూడు జీపులు. రెండు కిరాయివి, ఒకటి నాది. నాదానికే అన్నిటికన్నా ఎక్కువ బంతిపూలు. ఇంకో ఇద్దరు కూడా ఆ రోజే రిటైరయ్యారు. వాళ్ళ జీపులు డప్పులతో ముందే కదిలిపోయాయి.

బావ పైకొచ్చి, స్నానం చేసి, ఇస్త్రీ తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. దండలతో మెడ కనబడలేదు. తోటివాళ్ళు ఏడ్చారు, నవ్వారు, నెత్తిన గులాల్ చల్లారు. జీపు దగ్గరికొచ్చి కాలు పైన పెట్టబోయి ఆగాడు. డప్పు వాయించేవాడి చేతిలో పుల్ల తీసుకుని వంగాడు. "బావా, ఇప్పుడొద్దు, అంతా చూస్తున్నారు" అన్నాను. వినలేదు. ముందు ఎడమ చక్రం దగ్గర కమాను పట్టీలను ఇరుసుకు బిగించే యు బోల్టును తట్టాడు. అందరికీ వినబడింది. డొల్ల.

కనకయ్య దూరి చూశాడు. మొహం మాడ్చుకుని లేచాడు. మధ్యలో ఏటవాలు పలక దూర్చాక పాత బోల్టు పొట్టిదైపోయింది. నట్టు చివరి రెండు మరల మీద నిలబడి ఉంది. రామగిరి దాకా నేను చేతులు వదిలేసి తోలినప్పుడు అది వదులైంది. బిగించబోతే మరలు తెగిపోయాయి. "పొడుగు బోల్టు రేపు పొద్దుగాల ఏద్దమనుకున్న" అన్నాడు నేల చూస్తూ.

"నడక స్పీడులో పోదాం బావా, రెండు కిలోమీటర్లే! ఆఖరి రోజు, అక్క ఎదురుచూస్తోంది. నీకు తెలుసుగా ఎందుకో!" అన్నాను. కనకయ్య కూడా "నడక స్పీడుకు ఏం గాదు సర్దారూ" అన్నాడు. డప్పులవాళ్ళూ అదే అన్నారు.

బావ జీపు మీద చెయ్యి వేశాడు. "నాకూ ఎక్కబుద్ధయితుంది బామ్మర్ది" అన్నాడు. "గని, ఆఖరి షిఫ్టే గద అన్నోన్ని, రెండు నిమిషాలే గద అన్నోన్ని, నేనే మోస్కొచ్చిన పైకి. ఇద్దర్ని. అండ్ల ఒకరు మా ముంగటింటి మనిషే."

బావ దండలు సర్దుకుని నడవడం మొదలుపెట్టాడు. డప్పులు వెనక నడిచాయి. షిఫ్టు దిగి వస్తున్నవాళ్ళు మొహాల మీద బొగ్గుతోనే కలిశారు. నేను అందరికన్నా వెనక నడిచాను. నాకు బావ మీద కోపంగా ఉంది, నా మీద ఇంకా కోపంగా ఉంది, ఏడుపు కూడా వచ్చింది. ముప్పై నాలుగేళ్ళకు మా అక్క కోరిన ఒక్క కోరికను నా నాలుగంగుళాలు మింగేశాయి.

లైను మూల దగ్గర అక్క పట్టుచీర కట్టుకుని నిలబడి ఉంది. చర్చికి పోయే ఇల్లు, హారతులుండవు కాబట్టి ఒట్టి చేతులతోనే. డప్పులు దగ్గరయ్యాయి, జీపు రాలేదు. నేను ముందుకెళ్ళి, "అక్కా, తప్పు నాదే. ఒక బోల్టు... బావ వద్దన్నాడు" అన్నాను.

అక్క బావను కిందినుంచి పైదాకా చూసింది. "వద్దన్నడా?"

"వద్దన్నాడు. ఎంత చెప్పినా వినలేదు."

"గా వద్దన్న మాటతోటే గదరా ముప్పై నాలుగేండ్లు ఇంటికొచ్చింది" అంది అక్క. "ఇయ్యాల నీ జీపు కోసం మార్చుకుంటడా?" అని, అంతమందిలో బావ చెయ్యి పట్టుకుంది. వాళ్ళిద్దరూ చేతులు పట్టుకోవడం నేను పెళ్ళిలో చూశాను, మళ్ళీ అప్పుడే చూశాను.

మళ్ళీ లైను

మర్నాడు పొద్దున్న కనకయ్య సిగ్గుతో టిఫిను కూడా తినకుండా వచ్చి, నాలుగు పొడుగు బోల్టులూ మార్చాడు. బావ లుంగీలో వచ్చి ఒక్కొక్కటీ తట్టాడు. నాలుగూ మోగాయి. "ఇగ పో" అన్నాడు. తెనాలికి పొమ్మంటున్నాడనుకుని నేను సంచీ సర్దబోయాను.

ఇంట్లోంచి అక్క వచ్చింది. నిన్నటి పట్టుచీరే. "మీ బావకిప్పుడు డ్యూటీ లేదు, ఇంటికాడ ఉంటడు. నన్ను తిప్పుకరా" అంటూ ముందు సీటు పట్టుకుని, రెండుసార్లు జారి, మూడోసారి ఎక్కేసింది.

చౌరస్తా దాకా వెళ్ళి తిరిగొచ్చాం. జీపు లైను మలుపు తిరగ్గానే తలుపులు తెరుచుకున్నాయి. అవే గుమ్మాలు, అదే మౌనం. ఫోన్లున్నా, నిన్ననే డప్పులు మోగినా, కాళ్ళు వాటంతట అవే గుమ్మాల్లోకి వచ్చేశాయి. అక్క అద్దం చట్రం పట్టుకుని లేచి నిలబడింది. టీచరుగా మానేశాక అంత గొంతు ఎప్పుడూ ఎత్తి ఉండదు.

"ఏం గాలేదే! ఉట్టిగనే వచ్చినం!"

ఒక గుమ్మంలో ఎవరో నవ్వారు. ఆ నవ్వు పక్క గుమ్మానికి పోయింది, అక్కణ్ణుంచి లైనంతా పాకింది. నేను అక్క ఇంటి వైపు తిప్పబోతుంటే రోడ్డు మధ్యలో రాజవ్వ చంకలో బియ్యం చాటతో, రెండో చెయ్యి అడ్డం పెట్టి నిలబడి ఉంది. జీపు ఆమె ఇంటి ముందే ఆగింది. అక్క నవ్వు ఆగిపోయింది.

రాజవ్వ జీపును అటునుంచి ఇటు చూసింది. బానెట్ మీద చెయ్యి వేసింది, తీసింది. చాటను తన గుమ్మం పక్కన దించి వచ్చింది.

"జర జరుగు రూతూ. నేను గూడ ఎక్కుత."

అక్క జరిగింది. రాజవ్వ కాలెత్తింది గానీ అంత ఎత్తు అందలేదు. బావ ఇంట్లోకి వెళ్ళి పీట తెచ్చి వేశాడు.